అటక మీద టోపీ తుపాకీ: లైసెన్సు, టోపీలు, నల్లమందు గురించి తరచూ అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ పాతబస్తీలో పాత ఇళ్ళు కూల్చి అపార్ట్‌మెంట్లు కడుతున్న కొద్దీ అటకల మీది సామాన్లు కిందికి దిగుతున్నాయి. ఇత్తడి గంగాళాలు, ఉర్దూ దస్తావేజులు, తాళం చెవి పోయిన సందూకులు. వాటి నడుమ ఒక్కోసారి గుడ్డలో చుట్టిన పొడవాటి తుపాకీ ఒకటి బయటపడుతుంది. మూతిలోంచి నల్లమందు, అంటే నల్లటి తుపాకీ మందు, పోసి, గుండు దించి, కడ్డీతో దట్టించి, వెనక చిన్న రాగి టోపీ పెట్టి పేల్చే రకం. ఊళ్ళల్లో భర్మార్ అంటారు, టోపీ తుపాకీ అన్నా తెలుస్తుంది. అది కనబడగానే ఇంట్లో రెండు మాటలు లేస్తాయి. "ఎంత పాతదో, దీనికి లైసెన్సేంది?" అని ఒకరంటారు. "ఎవరికీ చెప్పకండి, రాత్రిపూట మూసీలో పడేద్దాం" అని ఇంకొకరు. రెండూ ఇంటివాళ్ళను ఇబ్బందిలో పడేసే మాటలే. ఆ రెంటికీ మధ్య చట్టం చూపించిన దారి ఒకటుంది. దాని గురించే ఈ ప్రశ్నలు, జవాబులు.

తుపాకీ దొరికింది. ముందుగా ఏం చేయాలి?

దానిలో మందు దట్టించే ఉందనుకోండి. ఇది అతిజాగ్రత్త కాదు. వెనకటి రోజుల్లో దొంగల భయానికి, అడవి పందుల కోసం తుపాకీ నింపి గోడకు తగిలించేవాళ్ళు. నింపినాయన పోయాడు, తుపాకీ అటకెక్కింది. తడి తగలకుండా ఉంటే నల్లమందు వందేళ్ళయినా చావదు. కాబట్టి ట్రిగ్గర్ లాగి చూడకండి. మూతిలో కన్ను పెట్టి చూడకండి. తుప్పు వదిలిద్దామని వేడి చేయడం, డ్రిల్లు పెట్టడం, రుద్దడం వద్దు. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. మూతి మనుషుల వైపు లేకుండా ఎక్కడున్నదాన్ని అక్కడే ఉంచి పోలీస్ స్టేషన్‌కు కబురు చెయ్యండి. లోపల మందు ఉందో లేదో చూడటం, ఉంటే తీయడం తెలిసిన ఆర్మరర్ పని.

వందేళ్ళు దాటిన తుపాకీకి కూడా లైసెన్సు కావాలా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 1959 ఆయుధాల చట్టం తుపాకీ వయసు అడగదు, అది పేలగలదా అని అడుగుతుంది. పేలుడు శక్తితో గుండును బయటికి తోసేలా తయారైనది ఏదైనా ఆ చట్టం దృష్టిలో తుపాకీయే. మూతి నుంచి నింపేదైనా, వెనక నుంచి తూటా పెట్టేదైనా ఒకటే. 3వ సెక్షన్ ప్రకారం లైసెన్సు ఉండాల్సిందే.

మినహాయింపు 45వ సెక్షన్‌లో ఉంది. పాత పద్ధతి ఆయుధం, పురావస్తు విలువ ఉన్న ఆయుధం, చెడిపోయిన ఆయుధం ఈ చట్టం కిందికి రావు. అయితే అందులోనే ఇంకో షరతు ఉంది: మరమ్మతు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనికిరానిదై ఉండాలి. జనం మొదటి సగం చదివి సంబరపడి అక్కడే ఆగిపోతారు. కొత్త స్ప్రింగు వేస్తే పేలేటట్టుంటే అది పురావస్తువైనా తుపాకీయే. మీకు తెలిసిన కమ్మరితో గొట్టంలో సీసం పోయించి "ఇప్పుడిది బొమ్మే" అంటే ఒప్పుకోరు. పేలుతుందో లేదో మీరు గానీ, నేను గానీ, దుకాణదారు గానీ తేల్చలేం. వివాదం వస్తే ఫోరెన్సిక్ నిపుణుల మాట చెల్లుతుంది. మన నగరంలో ఆ ప్రయోగశాల రెడ్‌హిల్స్‌లో ఉంది.

విడి గొట్టం ఒక్కటే దొరికినా తేలిగ్గా తీసుకోకండి. తుపాకీ భాగాలు కూడా చట్టం దృష్టిలో తుపాకీ కిందికే వస్తాయి.

టోపీలు, నల్లమందు కూడా లెక్కలోకి వస్తాయా?

వస్తాయి. తుపాకీలో పోసే మందు, దాన్ని అంటించే సరంజామా, అంటించే రసాయనం ఉన్న వస్తువులు అన్నీ ఆయుధాల చట్టంలో మందుగుండు నిర్వచనంలో చేరతాయి. అంటే తుపాకీని ఎప్పుడో అప్పగించేసి, సందూకులో టోపీల డబ్బీ ఒక్కటే మిగిలినా అది లైసెన్సు లేని మందుగుండే. పేలుడు పదార్థాల చట్టం వేరే. అది 1884 నాటిది, దాని కింద 2008 నిబంధనలు ఉన్నాయి. వాటి వర్గీకరణలో నల్లమందు మొదటి తరగతి, తుపాకీ టోపీలు ఆరో తరగతి. ఈ నిబంధనల అమలు చూసేది నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెసో సంస్థ.

నాకు తెలియకుండా మా ఇంట్లో ఉంది. నేను నేరస్థుణ్ణా?

తెలియనంత కాలం కాదు. ఆయుధం "దగ్గర ఉండటం" అంటే తెలిసి ఉండటమేనని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. తాత పెట్టెలో ఏముందో మనవడికి తెలియకపోతే అది నేరం కాదు. చూసిన రోజు నుంచి పరిస్థితి మారుతుంది. 21వ సెక్షన్ ప్రకారం అనవసరమైన ఆలస్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. లైసెన్సున్న ఆయుధ డీలరు దగ్గర డిపాజిట్ చేసే వీలూ ఉంది. "పండగ అయ్యాక చూద్దాం" అని నెలలు గడిపితే మీ నిజాయితీని మీరే బలహీనం చేసుకున్నట్టు.

తుపాకీని చంకన పెట్టుకుని ఆటోలో స్టేషన్‌కు పోకండి. ముందు స్టేషన్‌కు వెళ్ళి దరఖాస్తు ఇవ్వండి: ఏ ఇంట్లో, ఏ తేదీన, ఎవరి సమక్షంలో, ఏ స్థితిలో దొరికిందో రాయండి. ఫొటో జతచేయండి. నకలు మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. వాళ్ళు వచ్చి తీసుకెళ్ళినప్పుడు తుపాకీ వివరాలు, గొట్టం మీది గుర్తులు, అంకెలు రాసిన రసీదు అడగండి. ఆ రసీదు మీ హక్కు. దాన్ని ఇంటి దస్తావేజులతో పాటు భద్రంగా దాచుకోండి.

ఇంకో రక్షణ కూడా ఉంది, చాలామందికి తెలియదు. 3వ సెక్షన్ ఉల్లంఘన మీద జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి లేకుండా విచారణ మొదలుపెట్టకూడదని 39వ సెక్షన్ అంటుంది. పోలీస్ కమిషనర్ ఉన్న చోట ఆ అధికారం కమిషనర్‌ది. మీ మీద కేసంటే ఆ అనుమతి పత్రం ఉందా అని మీ వకీలు చేత అడిగించండి.

శిక్ష ఎంత ఉంటుంది?

లైసెన్సు లేకుండా తుపాకీ గానీ మందుగుండు గానీ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత కనీసం 2 ఏళ్ళు, గరిష్ఠంగా 5 ఏళ్ళ జైలు, జరిమానా. లైసెన్సు లేకుండా తయారుచేయడం, అమ్మడం, మరమ్మతు చేయడం ఇంకా పెద్ద నేరం. దానికి 7 ఏళ్ళ నుంచి యావజ్జీవం వరకు ఉంది. మరమ్మతు అన్న మాటను మా గల్లీల్లోని తాళాల మేస్త్రీలు, వెల్డింగు అన్నలు బాగా గుర్తుపెట్టుకోవాలి. "కాస్త ఈ ఘోడా బిగించు భాయ్" అని ఎవరో తెచ్చిన పాత తుపాకీని సరిచేసి ఇస్తే వాళ్ళ బతుకు పోతుంది.

తాత పేరు మీద లైసెన్సు ఉండేది. ఆయన పోయాక అది మాకు వస్తుందా?

దానంతటదే రాదు, అడిగితే వచ్చే అవకాశం ఉంది. 2016 ఆయుధ నిబంధనల్లో వారసులకు లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఉంది. లైసెన్సుదారు చనిపోయాక వారసుడు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆయన బతికుండగానే 70 ఏళ్ళు నిండినా, ఆ తుపాకీ 25 ఏళ్ళు ఆయన దగ్గర ఉన్నా వారసుడి పేరుకు మార్చమని అడగవచ్చు. నా సలహా ఇదే: ఇంట్లో పెద్దాయన ఆరోగ్యంగా ఉండగానే ఈ పని పూర్తి చేసుకోండి. పోయాక అన్నదమ్ముల సంతకాల కోసం తిరగడం ఎంత కష్టమో పంపకాలు చూసిన ప్రతి ఇంటికీ తెలుసు.

మన నగరంలో లైసెన్సు ఇచ్చేది పోలీస్ కమిషనర్. 2019 నుంచి ఒక మనిషికి రెండు తుపాకులకు మించి కుదరదు, వారసత్వంగా వచ్చినవి కూడా ఆ రెండింటిలోనే. లైసెన్సు గడువు 5 ఏళ్ళు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో దరఖాస్తు తిరస్కరించకూడదని 14వ సెక్షన్ చెబుతోంది. తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఉండాలి, మీరు అడిగితే చెప్పాలి. దాని మీద 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు, గడువు దాటకుండా చూసుకోండి.

మాకు శివార్లలో పొలం ఉంది. పందుల కోసం టోపీ తుపాకీ పెట్టుకోవచ్చా?

చట్టం ఈ రకం తుపాకీ పేరెత్తి మాట్లాడేది ఇక్కడే. నిజంగా పంట కాపలా కోసం మూతి నుంచి నింపే తుపాకీకి లైసెన్సు ఇవ్వడం గురించి 13వ సెక్షన్‌లోనే ఉంది. రైతుకు ఇది చిన్న విషయం కాదు. అయితే పంట కాపలా లైసెన్సు వేట లైసెన్సు కాదు. 1972 వన్యప్రాణి చట్టం అలాగే ఉంటుంది, అడవి పందిని కాల్చాలన్నా ఆ చట్టం కింద అధికారి అనుమతి విడిగా కావాలి. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు ఉంటే తుపాకీని అటవీ శాఖలో కూడా నమోదు చేయించాలి. వనస్థలిపురంలోని హరిణ వనస్థలి జాతీయ పార్కు పాతబస్తీకి ఎంత దూరమో మీకు తెలిసిందే.

లైసెన్సు ఉంది. టోపీ ఎలా ఎంచుకోవాలి?

ముందు టోపీ ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి. టోపీ చిన్న లోహపు గిన్నె. అడుగున దెబ్బకు పేలే రసాయనం పల్చటి పొరగా ఉంటుంది. తుపాకీ వెనక చిన్న మొన ఉంటుంది, దాని మధ్యలో సన్నటి రంధ్రం. టోపీని ఆ మొన మీద బోర్లిస్తారు. ఘోడా, అంటే వెనక ఉండే సుత్తి, పడగానే రసాయనం పేలి, ఆ నిప్పు రంధ్రం గుండా పోయి లోపలి నల్లమందును అంటిస్తుంది. దెబ్బకు పేలే రసాయనంతో తుపాకీ కాల్చే పద్ధతికి 1807లో పేటెంటు పొందింది అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే స్కాట్లండ్ పాస్టరు. చకుముకి తుపాకీలో ముందుగా లేచే పొగ చూసి పక్షులు ఎగిరిపోతుంటే వేటకు ఇబ్బందై ఆయన ఈ దారి వెతికాడు. రాగి టోపీ కొన్నేళ్ళ తర్వాత వచ్చింది. 1857లో మన దేశాన్ని కుదిపిన ఎన్‌ఫీల్డ్ తుపాకీ మూతి నుంచి నింపి టోపీతో పేల్చేదే.

కొలతల్లో ఎక్కువగా కనబడేవి పది నంబరు, పదకొండు నంబరు, ఇంకా పెద్దదైన మస్కెట్ టోపీ. సైనిక తుపాకులకు మస్కెట్ టోపీ, వేట తుపాకులకు ఎక్కువగా పదకొండు. ఒక కంపెనీ పదకొండు, ఇంకో కంపెనీ పదకొండు సరిగ్గా ఒకేలా ఉండవు. మొన కూడా అరిగి ఉండవచ్చు. అందుకే నంబరును కాదు, మొన మీద టోపీ ఎలా కూర్చుంటుందో చూసి ఎంచుకోవాలి. బొటనవేలి ఒత్తిడితో పూర్తిగా దిగాలి, తుపాకీ వంచినా జారకూడదు. వదులైతే దారిలోనే రాలిపోతుంది. బిగుతైతే మొదటి దెబ్బ టోపీని దించడానికే సరిపోతుంది, పేలదు. వదులు టోపీని వేళ్ళతో నొక్కి బిగించడం, బిగుతు టోపీని లోహంతో కొట్టి దించడం చేతివేళ్ళకు ప్రమాదం. మొనే మార్పించాలి, అది కూడా లైసెన్సున్న తుపాకీ మేస్త్రీ దగ్గరే.

పాత డబ్బీలోని పాత టోపీలు వాడకండి. వెనకటి రసాయనాలు గొట్టాన్ని తినేస్తాయి. పైగా పేలేది ఏది, పేలనిది ఏది అని చెప్పలేం. నింపే వరుస కూడా తప్పకూడదు: మందు, గుండు అయిపోయి, మూతి గురి వైపు తిరిగాకే టోపీ. అన్నిటికంటే చివర.

ఘోడా పడింది, తుపాకీ పేలలేదు అనుకోండి. అప్పుడు మూతి గురి వైపే ఉంచి కనీసం ఒక నిమిషం కదలకండి. నిప్పు లోపల నెమ్మదిగా అంటుకుని ఆలస్యంగా పేలడం ఈ తుపాకుల్లో ఉన్నదే. ఆ నిమిషంలో ముఖం మూతి దగ్గర పెడితే ప్రాణాల మీదికి తెచ్చుకున్నట్టే.

నల్లమందు విషయంలో?

ఒక్కటి మాత్రం ఎన్నిసార్లయినా చెబుతాను: ఇప్పటి తూటాల్లో వాడే పొగలేని మందును ఈ తుపాకీలో పోయకండి. ఆ రెండు మందులు పైకి ఒకేలా కనిపించవచ్చు. కానీ పొగలేని మందు పుట్టించే ఒత్తిడిని ఈ గొట్టాలు తట్టుకోలేవు, చేతిలోనే చీలిపోతాయి.

నల్లమందు పలుకును బట్టి రకాలు. డబ్బా మీద ఎఫ్ అక్షరాలు ఎన్ని ఎక్కువుంటే పలుకు అంత సన్నం. సన్న పలుకు త్వరగా మండి ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తుంది. పెద్ద గొట్టాలకు రెండు ఎఫ్‌లది, చిన్న గొట్టాలకు, పిస్తోళ్ళకు మూడు ఎఫ్‌లది వాడటం మామూలు. నాలుగు ఎఫ్‌ల పొడి చకుముకి తుపాకీ పళ్ళెంలో పెట్టడానికి, టోపీ తుపాకీలో దానికి పనిలేదు. ఎంత పోయాలన్నది ఆ తుపాకీ తయారీదారు చెప్పిన కొలతే. తాత పుస్తకంలో రాసుకున్న లెక్క ఆనాటి మందుకు, ఆనాటి గొట్టానికి సరిపోయిన లెక్క. కొలత గిన్నెలో కొలిచి పోయాలి, డబ్బా నుంచి నేరుగా మూతిలోకి వంచకూడదు. ముందటి గుండు వదిలిన నిప్పురవ్వ లోపల మిగిలి ఉంటే మంట ధారవెంట పైకొచ్చి చేతిలోని డబ్బాను పేలుస్తుంది. గుండు మందు మీద గట్టిగా ఆనాలి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. బీడీ, అగర్‌బత్తి, ఏ నిప్పూ దగ్గర ఉండకూడదు. కాల్చినరోజే వేడి సబ్బునీళ్ళతో గొట్టం కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. నల్లమందు మసి తేమ పీల్చి రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది.

ఇదంతా మంచి స్థితిలో ఉండి, తెలిసినవాళ్ళు పరీక్షించిన తుపాకీకి. అటక మీద దొరికిన తుపాకీని లైసెన్సు వచ్చినా కాల్చకండి. దాని గొట్టం లోపల ఎక్కడ పగులుందో కంటికి కనబడదు.

మందు ఎక్కడ కొనాలి? ఇంట్లో చేసుకోవచ్చా?

లైసెన్సున్న డీలరు దగ్గర, మీ లైసెన్సు చూపించి, దానిలో రాసిన పరిమాణం మేరకే. కొన్నది లైసెన్సులో ఎక్కించుకోవాలి. ఇంట్లో చేయడం కుదరదు, దీపావళి టపాసులు విప్పి తీయడమూ కుదరదు. రెండు చట్టాల కిందా నేరం, రెండు చేతులకూ ప్రమాదం.

అమెరికాలో మా తమ్ముడు దుకాణంలో మామూలుగా కొంటున్నాడు. వచ్చేటప్పుడు టోపీలు తెమ్మనవచ్చా?

వద్దు. అక్కడి ఫెడరల్ చట్టం 1898, అంతకుముందు తయారైన తుపాకుల్ని పురాతన ఆయుధాలుగా చూసి మామూలు తుపాకుల నిబంధనల నుంచి చాలావరకు మినహాయిస్తుంది. అలాంటి తుపాకుల కోసం 50 పౌండ్ల వరకు నల్లమందు అనుమతి లేకుండా కొనుక్కోనిస్తుంది. డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి అది చెల్లుతుంది, శంషాబాద్‌లో దిగగానే చెల్లదు. అసలు అక్కడ విమానమే ఎక్కనివ్వరు. నల్లమందు, టోపీలు చేతి సంచిలోనే కాదు, లగేజీలో కూడా నిషేధం.

మన దేశంలోనూ కర్ణాటకలోని కొడగులో కొడవ జనానికి, జమ్మా భూముల హక్కుదార్లకు తుపాకీ లైసెన్సు నుంచి ప్రత్యేక మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు కొడగుకే. నిజాం కాలంలో మా తాతలు కూడా సిపాయిలే అంటే హైదరాబాద్‌లో అది వర్తించదు.

దసరాకు ఆయుధ పూజలో పెట్టవచ్చా? పెళ్ళిలో ఒక గుండు పేల్చవచ్చా?

లైసెన్సు ఉన్న తుపాకీకి ఇంట్లో బొట్టు పెట్టి పూజ చేసుకోండి, ఎవరూ కాదనరు. అది ఖాళీగా ఉండాలి, టోపీ దాని మీద ఉండకూడదు. జమ్మి చెట్టు దగ్గరికి ఎత్తుకుపోవడం, బోనాల ఊరేగింపులో, గణేశ్ నిమజ్జనంలో భుజాన వేసుకు నడవడం వేరే సంగతి. బహిరంగ ప్రదేశంలో తుపాకీ ఝళిపించడం, పేల్చడం 2016 నిబంధనల ప్రకారం నిషేధం. పండగల ముందు నగర పోలీసు చట్టం కింద కమిషనర్ ఇచ్చే ఆదేశాలు కూడా చూసుకోండి.

బారాత్‌లో గాలిలోకి పేల్చడం అస్సలు కుదరదు. సంబరాల కాల్పుల కోసమే 2019లో 25వ సెక్షన్‌కు కొత్త ఉపసెక్షన్ చేర్చారు: ఇతరుల ప్రాణానికి ప్రమాదం కలిగేలా కాలిస్తే 2 ఏళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సు ఉన్నా తప్పించుకోలేరు. మర్ఫా మోగుతుంటే రక్తం ఉరకలెత్తుతుంది, నిజమే. పైకి పోయిన సీసం మాత్రం మళ్ళీ మేడ మీద నిలబడి చూస్తున్న ఎవరి పిల్ల మీదో దిగుతుంది.

ఎన్నికలప్పుడు స్టేషన్‌లో పెట్టమంటారు. భర్మార్ తుపాకీ కూడానా?

ఆదేశం మీకు వర్తిస్తే అది కూడా పెట్టాలి. రసీదు తీసుకోండి, ఎన్నికల కోడ్ ముగిశాక వెనక్కి తెచ్చుకోండి.

జుమ్మేరాత్ బజార్‌లో మంచి ధర వస్తుందంటున్నారు. అమ్మేయవచ్చా?

పేలగల తుపాకీని దారినపోయేవాడికి అమ్మితే అది అక్రమ అమ్మకం. పేలని తుపాకీ వందేళ్ళు దాటినదైతే 1972 పురావస్తువుల చట్టం ఎదురవుతుంది. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు మనిషి వాటిని దేశం దాటించకూడదు. పాత సామాను బేరగాడు తుపాకీని చూసి మొదట అడిగేది మీ ఇంటి చరిత్ర కాదు, ఇత్తడి ఎంత ఉందని. చెక్కపని పొయ్యిలోకి, లోహం తూకానికి పోతాయి.

మరి దాన్ని ఏం చేస్తే మంచిది?

ఈ తుపాకులు ఇక్కడికి ఎలా వచ్చాయో ఒకసారి తలుచుకోండి. 1786లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఫిరంగులు పోతపోయించిన తోప్ కా సాంచా ఇప్పటికీ గన్‌ఫౌండ్రీలో నిలబడి ఉంది. మూసారాంబాగ్ పేరు ఆయన మీదుగా వచ్చిందే. అరబ్బు సిపాయిల బ్యారక్సే బార్కాస్ అయింది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి నడిచారు. ఆ తర్వాత తొంభై ఏళ్ళకు తెలంగాణ రైతాంగ పోరాటంలో పల్లెజనం చేతుల్లో ఉన్న ఆయుధాల్లోనూ భర్మార్లు ఉన్నాయి. ఏ తుపాకీ ఏ ఇంటికి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో మ్యూజియం అద్దాల పెట్టెకు తెలియదు, మీ ఇంట్లో ఎనభై ఏళ్ళ నానమ్మకు తెలుసు.

నన్నడిగితే పేలగల తుపాకీని లైసెన్సు మోయలేని ఇంట్లో ఉంచుకోవడం కన్నా ప్రభుత్వ మ్యూజియానికి ఇవ్వడం మేలు. దారుల్‌షిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో ఇలాంటి తుపాకుల ముందు జనం ఎంతసేపు నిలబడతారో చూడండి. ముందు పోలీసులకు అప్పగించండి. అప్పగించే దరఖాస్తులోనే మ్యూజియానికి పంపాలన్న మీ కోరిక రాయండి, ఒక నకలు మ్యూజియానికి కూడా ఇవ్వండి. తీసుకోవాలా వద్దా అన్నది వాళ్ళ నిర్ణయం. ఏమైనా సరే, తుపాకీ ఇల్లు దాటకముందే నాలుగు వైపులా ఫొటోలు తీసి, ఎవరిది, ఎక్కడ వాడారు, ఎప్పుడు అటకెక్కింది అన్నది నానమ్మను అడిగి రాసి పెట్టుకోండి. ఈ ఆదివారమే అడగండి.